మంచం కింద 273 పుస్తకాలు

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. గుంటూరులో ఒక ప్రైవేటు కళాశాలలో తెలుగు చెబుతూ పదేళ్లుగా పాటలు రాస్తున్నాను. ప్రైవేటు ఆల్బమ్‌లకూ లఘుచిత్రాలకూ కలిపి నలభై పాటల దాకా వచ్చాయి. వాటిలో రెండింటిని మా వైపు పెళ్లిళ్లలో కూడా వేస్తున్నారు. మా అమ్మ ఇరవై ఏళ్లు మిరపకాయల తొడిమలు తీసే కూలికి వెళ్లింది. ఆ బతుకు మీద నేను రాసిన మొదటి నవలను ఈ ఆగస్టులో సొంత డబ్బు 46,000 రూపాయలతో 500 ప్రతులు అచ్చు వేయించాను. వెల 200. గుంటూరులో జరిగిన ఆవిష్కరణ సభకు నూట యాభై మంది వచ్చారు. పెద్దలంతా నా పాటల గురించే మాట్లాడి, చివర నా చేత పాట పాడించి పంపారు. ఇప్పటికి 96 ప్రతులు ఉచితంగా ఇచ్చాను, 71 ప్రతులు 150 రూపాయల చొప్పున అమ్మాను, 60 దుకాణాల్లో ఉన్నాయి, 273 మా మంచం కింద ఉన్నాయి. విజయవాడలో రెండో ఆవిష్కరణ పెట్టమని కొందరు అంటున్నారు, దానికి 18,000 అప్పు చేయాలి. నవల పేరుతో ఒక పాట చిత్రీకరించమని ఇంకొందరు అంటున్నారు, దానికి 35,000 అవుతుందట. కొనమని అడగడానికి నాకు నోరాడదు. పాటలను పక్కన పెడితే తప్ప నన్ను నవలా రచయిత్రిగా చూడరా? మలిముద్రణలో చేర్చుదామనుకున్న నా పాట ఒకటి తమదేనని ఆల్బమ్ తీసిన సంస్థ అంటోంది. రెండో నవల రెండు పేజీల దగ్గరే ఆగిపోయింది. నవలలోని నాలుగు పేజీలు జతచేస్తున్నాను.
— ఒక పాఠకురాలు, గుంటూరు

సమాధానం: మీ ఉత్తరంలో నాకు మొదట నచ్చినవి అంకెలు. తొలి పుస్తకం వేసుకున్నవారిని ఎలా పోతోందని అడిగితే “బాగానే పోతోందండీ” అంటారు తప్ప ఎన్ని పోయాయో చెప్పరు. మీరు మంచం కింద ఉన్నవాటిని కూడా లెక్కపెట్టి రాశారు కాబట్టి, సాహిత్యం సంగతి కాసేపు పక్కన పెట్టి ఆ లెక్కతోనే మొదలుపెడతాను.

ఒక్కో ప్రతి మీకు 92 రూపాయలు పడింది. చేతి మీద అమ్మిన 71 ప్రతులకు 10,650 రూపాయలు వచ్చాయి. దుకాణాల్లో ఉన్న 60 ప్రతులూ పోయి, నలభై శాతం కమీషన్ తీసేసి వారు లెక్క కట్టి ఇస్తే 7,200 వస్తుంది. ఇక రావలసింది 28,150. చేతి మీద 150 చొప్పున మరో 188 ప్రతులు అమ్మితే పెట్టిన డబ్బు తిరిగి వస్తుంది, అప్పటికీ మీ దగ్గర 85 ప్రతులు మిగులుతాయి. ఇది అసాధ్యమైన పని కాదు. రెండేళ్లలో, ఆత్రపడకుండా, వారానికి రెండు ప్రతుల చొప్పున అమ్మితే సరిపోతుంది. ఇప్పుడు మీ మిత్రులు చెబుతున్న రెండో సభను ఈ లెక్కలో పెట్టి చూడండి. 18,000 రూపాయలంటే మరో 120 ప్రతులు. 188కి 120 కలిపితే 308 అవుతుంది, మీ మంచం కింద ఉన్నవి 273. అంటే ఆ సభ పెట్టిన తరువాత ఉన్న పుస్తకాలన్నీ చివరి ప్రతి దాకా అమ్మినా మీరు పెట్టిన డబ్బంతా తిరిగి రాదు. చిత్రీకరించే పాట సంగతి చెప్పనే అక్కరలేదు. రెండూ వద్దు.

సభ వల్ల ఆర్థికంగా నష్టమే అయినా పేరు వస్తుందని మీ మిత్రులు అనవచ్చు. నా మొదటి పుస్తకాన్ని విజయవాడలో ఆవిష్కరించినప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. వేదిక మీద ఆరుగురు వక్తలు ఉన్నారు. వారిలో ఇద్దరు పుస్తకం చదివారు, మిగిలిన నలుగురు ముందుమాట చదివారు. ముందుమాటలో ఒక అచ్చుతప్పు వల్ల నా సొంత ఊరి పేరు మారిపోతే, ఆ నలుగురూ నన్ను ఆ ఊరివాణ్ణే చేసి పొగిడారు. ఆ రోజు నాకు ఎనిమిది శాలువాలు వచ్చాయి, పదకొండు ప్రతులు అమ్ముడయ్యాయి. సభ తప్పని నేను అనను. మనవాళ్లంతా ఒకచోట చేరి ఒక పుస్తకం పుట్టిందని చెప్పుకోవడం మంచి ఆనవాయితీయే, మీరు దాన్ని ఒకసారి పాటించారు కూడా. అయితే సభకు వచ్చినవారు మీ కోసం వస్తారు, వక్తల కోసం వస్తారు, కొందరు పాత స్నేహితులను కలుసుకోవడానికి వస్తారు; పుస్తకం కోసం వచ్చేవాళ్లు వేరే ఉంటారు, వాళ్లు సాధారణంగా సభలకు రారు.

అసలు విషయం ఇక్కడే ఉంది. పాట నలుగురి మధ్య పుట్టి నలుగురి మధ్యే తిరిగే వస్తువు. దానికి ట్యూన్ ఉంది, గొంతు ఉంది, వాయిద్యం ఉంది; వినేవాడు వేరే పని చేసుకుంటూ కూడా వినవచ్చు, నాలుగు నిమిషాల్లో అయిపోతుంది, నచ్చితే వెంటనే మళ్లీ పెట్టుకుంటాడు. మీ పాట పెళ్లిలో వేస్తే అది ఎవరు రాశారో తెలియకపోయినా చిందు వేస్తారు. నవల అలా కుదరదు. ఒక మనిషి ఒంటరిగా కూర్చుని, ఫోను పక్కన పెట్టి, మీ కోసం ఆరేడు గంటలు కేటాయించాలి. ఆ ఆరేడు గంటలను నూట యాభై మందిని ఒకేసారి అడిగి తీసుకోలేము. ఒక్కొక్కరినే అడగాలి. ఇన్నాళ్లూ పాటలతో మెలిగినవారికి ఇది చాలా నెమ్మదిగా సాగే పనిలా, ఒక్కోసారి ఓటమిలా కూడా అనిపిస్తుంది. మూడు నెలల్లో 71 మంది డబ్బు పెట్టి కొన్నారంటే, సొంతంగా వేసుకున్న తొలి తెలుగు నవలకు అది చిన్న సంఖ్య కాదు. మీరు దాన్ని మీ పాట విన్నవారి సంఖ్యతో పోల్చి చూసుకుంటున్నారేమోనని నా అనుమానం.

ఇక పాటలను పక్కన పెట్టాలా అన్న ప్రశ్న. అక్కరలేదు. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నవలా బహుమతిని సమంగా పంచుకున్న విశ్వనాథ సత్యనారాయణ, అడవి బాపిరాజు ఇద్దరూ పాటలు కట్టినవారే. విజయవాడ ఆకాశవాణి కేంద్రానికి సంచాలకుడిగా పనిచేసిన బాలాంత్రపు రజనీకాంతరావు పాటలు రాశారు, వాటికి బాణీలు కట్టారు. ఆయనకు 1961లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది మాత్రం వాగ్గేయకారుల చరిత్ర మీద రాసిన వచన గ్రంథానికి. మన ప్రాంతంలో పాట, వచనం ఒకే చేతి నుంచి రావడం వింతేమీ కాదు. మిమ్మల్ని పాటల మనిషిగానే చూస్తున్నారంటే, ఆ సభలో వారికి వినిపించింది పాట ఒక్కటే కాబట్టి అలా చూశారు. నవల మూసి ఉంది, బల్ల మీద దొంతరగా పేర్చి ఉంది. దానిలోంచి ఒక్క వాక్యమైనా ఆ రోజు ఎవరైనా చదివి వినిపించారా? మీ ఉత్తరంలో ఆ మాట ఎక్కడా లేదు.

కాబట్టి ఇక మీదట ఎక్కడైనా “ఒక పాట పాడమ్మా” అని అడిగితే కాదనకండి, మొహం మాడ్చుకోకండి. ఒకే ఒక్క పాట పాడండి. వాయిద్యాలు లేకుండా, పల్లవి, ఒక చరణం చాలు. అది ముగియగానే చప్పట్లకు ఎక్కువ సమయం ఇవ్వకుండా పుస్తకం తెరిచి, “ఇప్పుడు ఒక పేజీ చదువుతాను” అని చెప్పి నవల చదవండి. ముందుగా కథ చెప్పకండి, ఎందుకు రాశారో వివరించకండి, అమ్మగారి గురించి కన్నీటి మాటలు వద్దు. గట్టిగా చదివితే నిమిషానికి వంద మాటల పైన పడతాయి కనుక, డెమ్మీ సైజు (మామూలు నవలల కొలత) పుస్తకంలో పేజీన్నర చదివితే మూడు, నాలుగు నిమిషాలు అవుతుంది. అంటే సరిగ్గా ఒక పాట నిడివి. ఆ నిడివి జనం ఓపికకు ఎంత సరిపోతుందో నాకన్నా మీకే బాగా తెలుసు.

ఏ పేజీ చదవాలన్నది ముఖ్యం, ఇక్కడ మీ పాటల చెవి మీకు పనికొస్తుంది. మీరు పంపిన నాలుగు పేజీల్లో మొదటిది ఊరి వర్ణన. బాగుంది, కానీ అది చదివితే వెనక వరుసవారు లేచి టీకి వెళతారు. మూడో పేజీలో, రోజంతా తొడిమలు తీసి ఇంటికొచ్చిన మనిషి చేతులు మజ్జిగతో కడుక్కుని, కొబ్బరినూనె రాసుకుని, అయినా మంట తగ్గక, ఏడుస్తున్న బిడ్డను ముట్టుకుంటే ఆ కారం బిడ్డ కళ్లలో పడుతుందన్న భయంతో, చేతులు రెండూ పైకి ఎత్తిపెట్టుకుని మోచేత్తో ఉయ్యాల ఊపుతుంది. ఆ మోచేయి దగ్గర చదవడం ఆపేయండి. బిడ్డ నిద్రపోయిందో లేదో చెప్పకండి. ఆ పేజీ చదివినప్పుడు నేను టీ కప్పు పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను, అది చల్లారిపోయింది. మిర్చి యార్డు గురించి వ్యాసాలు చాలా చదివాను, టిక్కీల (మిర్చి బస్తాల) లెక్కలు, తేజా రకం ధరలు, క్వింటాళ్లు అన్నీ చదివాను; మోచేయి సంగతి ఎక్కడా చదవలేదు. మీ పుస్తకాన్ని అమ్మేది ఆ మోచేయే. ఏ ముఖ్య అతిథి వాక్యమూ ఆ పని చేయలేదు.

ఒక హెచ్చరిక కూడా. ట్యూన్‌కు రాసే అలవాటు ఉన్నవారికి వచనం చదివేటప్పుడు ప్రాస పడిన చోట గొంతు దానంతట అదే సాగుతుంది. రెండో పేజీలో మీరు “కారం”, “భారం”, “దూరం” అంటూ మూడు వాక్యాలను ఒకే మాత్రలతో ముగించారు. పాటలో అది పల్లవి అవుతుంది, నవలలో చదువరి దాన్ని రచయిత్రి చెయ్యిగా గుర్తుపట్టేస్తాడు. రెండో ముద్రణలో ఆ మూడింటిలో రెండు తీసేయండి.

అడగడానికి నోరాడకపోవడం గురించి. మీ అమ్మగారు కిలోకు ఇంత అని కూలి మాట్లాడుకుని పని చేశారు కదా. రేటు అడగడానికి ఆమె సిగ్గుపడి ఉంటే ఇల్లు గడిచేది కాదు. మనం పుస్తకం దగ్గరికి వచ్చేసరికి మాత్రం అడగడం చిన్నతనమని, ఇవ్వడం పెద్దరికమని అనుకుంటాము. ఆ పెద్దరికం ఫలితమే మీ 96 ఉచిత ప్రతులు. ఉచితంగా ఇచ్చిన పుస్తకం ఎక్కడికి చేరుతుందో నాకు తెలుసు. కొన్నేళ్ల కిందట విజయవాడలో లెనిన్ సెంటర్ పాత పుస్తకాల అంగళ్లలో వెతుకుతుంటే నా పుస్తకమే కనబడింది. లోపల “ఆత్మీయ మిత్రునికి, ప్రేమతో” అని నా చేతిరాత, నా సంతకం, తేదీ ఉన్నాయి. పేజీలు ఒక్కటీ నలగలేదు. అంగడాయన ముప్పై రూపాయలు చెప్పాడు, నేను ఇరవైకి బేరమాడి కొనుక్కున్నాను. (ఆ మిత్రుడితో ఇప్పటికీ మాట్లాడుతూనే ఉన్నాను, ఆ విషయం మాత్రం ఎత్తలేదు.) ఇక నుంచి ఉచిత ప్రతులు సమీక్షకు తప్ప ఇవ్వకండి. పత్రికలకు ఆనవాయితీ ప్రకారం రెండేసి ప్రతులు, ఒక పేజీకి మించని లేఖతో పంపి మరిచిపోండి. సమీక్ష వస్తుందా అని ఫోన్లు చేస్తే వచ్చేది కూడా రాదు. మీ కళాశాలలో సహోద్యోగి “మాకు ఇవ్వవా” అంటే “తప్పకుండా, నూట యాభై” అని నవ్వుతూ చెప్పండి. మొదటిసారి చెప్పేటప్పుడు చెవులు ఎర్రబడతాయి. నాలుగోసారికి అలవాటైపోతుంది.

జనవరి దగ్గరపడుతోంది. 1989లో మొదలైన విజయవాడ పుస్తక మహోత్సవం ఏటా కొత్త సంవత్సరం తొలి రోజుల్లోనే జరుగుతుంది. ఒకప్పుడు స్వరాజ్య మైదానంలో జరిగేది. ఇప్పుడు అక్కడ అంబేడ్కర్ విగ్రహం ఉంది, ఉత్సవం వేరే చోటికి మారింది. మీ ఒక్క పుస్తకానికి సొంత స్టాలు తీసుకోవద్దు. అద్దె మీ లెక్కను మళ్లీ తలకిందులు చేస్తుంది. మీకు తెలిసిన చిన్న ప్రచురణకర్త ఎవరి స్టాలులోనైనా బల్ల మీద ఒక జానెడు చోటు అడగండి, బదులుగా నాలుగు సాయంత్రాలు ఆ స్టాలులో కూర్చుని వారి పుస్తకాలు కూడా అమ్మిపెట్టండి. అమ్మకం కన్నా అక్కడ మీరు నేర్చుకునేదే ఎక్కువ. నేను ఏళ్ల తరబడి అలా కూర్చుని చూశాను. పుస్తకం చేతిలోకి తీసుకున్న మనిషి ముందు అట్ట చూస్తాడు, వెంటనే తిప్పి వెల చూస్తాడు, వెనక అట్ట మీద రెండు వాక్యాలు చదువుతాడు, ఆపైన మధ్యలో ఎక్కడో ఒక పేజీ తెరుస్తాడు. ఆ పేజీ చదువుతున్నంతసేపూ మీరు నోరు విప్పకూడదు. కొత్త రచయితలు సరిగ్గా ఆ క్షణంలోనే “ఇది నేనే రాశానండీ” అంటారు, ఆ మనిషి తడబడి, మొహమాటంగా నవ్వి, పుస్తకం జాగ్రత్తగా బల్ల మీద పెట్టి వెళ్లిపోతాడు. తలెత్తి మీ వైపు చూసినప్పుడు మాట్లాడండి, అంతకుముందు కాదు. అక్కడ పది శాతం తగ్గింపు ఇవ్వడం ఆనవాయితీ. ఆ ఒక్క చోట 180కి అమ్మండి, అది మీకు 150 కన్నా మేలే.

దుకాణాల సంగతి క్లుప్తంగా చెబుతాను. విజయవాడ ఏలూరు రోడ్డులో గానీ, గుంటూరు అరండల్‌పేటలో గానీ పుస్తకాలు ఇచ్చినప్పుడు ఎన్ని ప్రతులు, ఎంత కమీషన్, ఎప్పుడు లెక్క చూస్తారు అన్నది రసీదు మీద రాయించుకోండి. రెండు నెలలకు ఒకసారి స్వయంగా వెళ్లి, డబ్బు అడగడానికి ముందు ఒక పుస్తకం కొనుక్కోండి. అరలో మీ పుస్తకం వెన్ను మీద పేరు చదవగలిగేలా ఉందో లేదో చూడండి.

దూరాన ఉన్నవారు అడిగితే ఇప్పుడు పంపడం సులువే. తపాలా శాఖ 2025 మే 1 నుంచి పుస్తకాల కోసం జ్ఞాన్ పోస్టు అనే సేవ నడుపుతోంది. 300 గ్రాముల వరకు 20 రూపాయలు, 5 కిలోల వరకు 100 రూపాయలు, పన్ను అదనం. పుస్తకం ఎక్కడ ఉందో తెలుసుకునే వీలూ ఉంది. 70 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 70 గ్రాములు తూగే) కాగితం మీద 220 పేజీల డెమ్మీ పుస్తకం పావుకిలో దగ్గర తూగుతుంది కనుక, పైన అట్టపెట్టె కాకుండా పలచని కవరు వాడితే మీది మొదటి రేటులోనే పోతుంది. పుస్తకం మీద ప్రచురణకర్త పేరో ముద్రాపకుల పేరో ఉండాలి, వాణిజ్య ప్రకటనలు ఉండకూడదు. మలిముద్రణ వేసేటప్పుడు ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తించే అంతర్జాతీయ సంఖ్య) కూడా తీసుకోండి. రాజా రామమోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ దాన్ని సొంతంగా ప్రచురించుకునే రచయితలకూ ఉచితంగానే ఇస్తుంది, కనుక ఎవరైనా దానికి వేలల్లో అడిగితే ఇవ్వకండి.

ఇప్పుడు ఆ పాట గొడవ. మీరు ఏ కాగితం మీద సంతకం పెట్టారో మీ ఉత్తరంలో లేదు, బహుశా మీ దగ్గర దాని నకలు కూడా లేదు. ట్యూన్ వాట్సాప్‌లో వస్తుంది, రాత్రికి రాత్రి రాసి పంపుతాము, తరువాత ఎప్పుడో ఒక కాగితం వస్తుంది, చదవకుండా సంతకం పెడతాము. ఇది మీ ఒక్కరి కథ కాదు. ముందుగా ఆ కాగితం నకలు లిఖితపూర్వకంగా అడిగి తెప్పించుకోండి. పాట సాహిత్యం వేరు, దాని రికార్డింగు వేరు. రికార్డింగు సంస్థదే కావచ్చు. సాహిత్యం మీద హక్కు మీరు రాతపూర్వకంగా బదిలీ చేస్తే తప్ప రచయిత్రిగా మీదే. బదిలీ చేసినా, ఎంత కాలానికో రాయకపోతే కాపీరైట్ చట్టం ప్రకారం అది అయిదేళ్లకే అని లెక్క, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే అని లెక్క. పైగా ఆ చట్టానికి 2012లో జరిగిన సవరణ తరువాత, సినిమాలో భాగం కాని రికార్డింగు కోసం హక్కులు బదిలీ చేసినా, ఆ రచనను ఏ రూపంలో వాడుకున్నా వచ్చే రాయల్టీలో సమాన వాటా అడిగే హక్కు రచయితకు పోదు. నలభై పాటలు రాసి మీరు ఇప్పటిదాకా ఆ వాటా సంగతి ఎవరినీ అడగలేదేమోనని నాకు అనిపిస్తోంది. గీత రచయితలకూ స్వరకర్తలకూ రాయల్టీ వసూలు చేసి పంచే ఐపీఆర్‌ఎస్ అనే సొసైటీ 1969 నుంచి ఉంది. అందులో సభ్యత్వం గురించి తెలుసుకోండి. కాగితం చేతికొచ్చాక గంటసేపు ఒక న్యాయవాదికి చూపించడానికి అయ్యే ఖర్చు మీ రెండో సభ ఖర్చులో చాలా చిన్న భాగం. అంతవరకు ఆ పాటను నవలలో చేర్చవద్దు. నిజానికి, చట్టం సంగతి అటుంచి, నవలలో పాట పెట్టడమే నాకు అనవసరంగా తోస్తోంది. ఉయ్యాల దగ్గర ఆవిడ పాట పాడితే ఆ మోచేయి ఎవరికీ కనబడదు.

పాఠకులను ఒక్కొక్కరిగా వెతుక్కోమన్నాను కదా, ఎక్కడ అని అడుగుతారు. ఈ పనిలో మన వైపు పాత అనుభవమే ఉంది. 1914లో ఆంధ్రదేశపు గ్రంథాలయాల ప్రతినిధులు మొదటిసారి సమావేశమైంది విజయవాడలో. 1935లో తెనాలి ప్రాంతంలోని పెదపాలెం నుంచి పాతూరి నాగభూషణం కాలువ మీద పడవలో పుస్తకాలు వేసుకుని ఊరూరా తిప్పారు. పాఠకుడు గ్రంథాలయానికి రాకపోతే గ్రంథాలయమే కదలాలన్నది వారి లెక్క. మీకు పడవ అక్కరలేదు, ఒక చేతిసంచీ చాలు. గుంటూరులో అన్నమయ్య గ్రంథాలయం ఉంది, శాఖా గ్రంథాలయాలు ఉన్నాయి, సాయంత్రాలు అక్కడికి వచ్చి పత్రికలు చదివే పదవీ విరమణ చేసినవారు ఉన్నారు. వారికి చదివే ఓపిక, తీరిక రెండూ ఉన్నాయి. మీ కళాశాల కాక వేరే కళాశాలల తెలుగు శాఖలు ఉన్నాయి. పది, పదిహేను మంది కూర్చోగలిగిన గది దొరికితే చాలు, అద్దె లేకుండా, శాలువా లేకుండా, బ్యానరు లేకుండా. ఒక పాట, ఒక పేజీ, తరువాత మాటలు. అలాంటి ఒక సాయంత్రం నాలుగు ప్రతులు పోతే మంచి సాయంత్రమే. ఖర్చు ఆటో చార్జీ.

మీ అమ్మగారి ప్రస్తావన ఉత్తరంలో ఒకే ఒక్క వాక్యంలో వచ్చి పోయింది. ఆమెకు చదువు వచ్చో రాదో మీరు రాయలేదు. రాకపోతే, ఈ పుస్తకంలో ఏముందో ఆమెతో పాటు తొడిమలు తీసినవారికి ఇంకా తెలియదన్నమాట. కొత్త పంట దిగి యార్డుకు టిక్కీలు రావడం మొదలయ్యే లోపు, ఒక ఆదివారం మధ్యాహ్నం వారిని మీ ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి మూడో పేజీ చదవండి. అక్కడ అమ్మేందుకు కాదు. వారు ఎక్కడైనా “కాదమ్మా, మజ్జిగతో కాదు, మేము ఇలా చేసేవాళ్లం” అంటే రాసుకోండి, మలిముద్రణలో దిద్దండి. మీ నవలకు అంతకన్నా కఠినమైన సమీక్షకులు నాకు తోచడం లేదు.

రెండో నవల ఆగిపోయిందన్నారు. మూడు నెలలుగా మీ మనసంతా మంచం కింద ఉంటే బల్ల మీద ఎలా సాగుతుంది? అమ్మకానికి వారంలో రెండు సాయంత్రాలు కేటాయించండి, శని, ఆదివారాలు అనుకోండి. మిగిలిన రోజుల్లో పుస్తకం గురించి ఎవరికీ ఫోను చేయకండి, ఎంతమంది చూశారో అని ఫోనులో వెతకకండి. ఉదయం కళాశాలకు వెళ్లే ముందు ఒక అరపేజీ రాయండి. ట్యూన్ పంపి రాత్రికల్లా కావాలనేవారు ఉంటారు. వారికి రెండు రోజులు పడుతుందని చెప్పండి, నలభై పాటలు రాసిన మనిషికి ఆ మాత్రం అడిగే అర్హత ఉంది. పాటలు మానేయకండి, ఆ డబ్బుతోనే రెండో నవల అచ్చవుతుంది. ఆ నవలను మాత్రం 300 ప్రతులే వేయించండి.

ఆ 273 పుస్తకాలను ముందుగా మంచం కింద నుంచి తీసేయండి. గుంటూరులో నేల తేమకు అడుగు వరుస ప్రతులు వంకర తిరుగుతాయి. కట్టలు విప్పకుండా బీరువా మీదకో అటక మీదకో చేర్చండి, పది ప్రతులు మాత్రం ఎప్పుడూ మీ చేతిసంచీలో ఉండాలి. వాటిలో ఒకటి నాకు పంపండి. వెల 150, తపాలా ఖర్చుతో కలిపి ఎంతయిందో కాగితం మీద రాసి లోపల పెట్టండి. ఉచిత ప్రతి అయితే తిప్పి పంపుతాను. “ఆత్మీయ” అని రాయకండి, సంతకం ఒక్కటి చాలు.